సాక్షులు వెళ్లిపోతున్నారు, హెడ్‌సెట్లు వస్తున్నాయి

ఆగస్టు 6న హిరోషిమా, 14న దేశ విభజన, సెప్టెంబరు 17న హైదరాబాద్ సంస్థానం విలీనం. ఏటా ఈ ఆరు వారాల్లో ఒకే ప్రశ్న తిరిగి తిరిగి వస్తుంది: కళ్లారా చూసినవారు ఒక్కొక్కరే రాలిపోతున్నారు, ఇకపై పిల్లలకు ఆ సంగతులు చెప్పేదెవరు? పాఠ్యపుస్తకంలో దక్కేది రెండు పేరాలు. స్తూపం మీద ఉండేది పేరు, తేదీ. ఈ లోటు పూడ్చడానికి గత పదేళ్లలో కళాకారులూ మ్యూజియంలూ మిక్స్‌డ్ రియాలిటీ వైపు మళ్లారు. హెడ్‌సెట్ తగిలించుకున్నా, ఫోను పైకెత్తి పట్టుకున్నా కూలిపోయిన వీధి మళ్లీ లేస్తుంది, చనిపోయిన మనిషి ఎదురుగా నిలబడతాడు. ప్రభుత్వాలకూ ఇది నచ్చింది, రిబ్బను కత్తిరించి ప్రారంభించడానికి వీలైన వస్తువు గనుక. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. బీభత్సాన్ని అచ్చంగా మళ్లీ చూపించడానికి ఈ సాంకేతికతను వాడితే స్మృతికి చేటు. ఘటన జరిగిన చోటనే నిలబెట్టి ఏది పోయిందో, ఏది ఇంకా తేలలేదో చూపడానికి వాడితే మాత్రం మరే మాధ్యమమూ చేయలేని పని చేస్తుంది.

పాల్ మిల్‌గ్రమ్, ఫుమియో కిషినో అనే పరిశోధకులు 1994లో ఒక గీత గీశారు. ఒక కొసన కళ్లెదుటి లోకం, మరో కొసన పూర్తిగా కంప్యూటరు కట్టిన లోకం. నడుమ ఉన్నదంతా మిక్స్‌డ్ రియాలిటీ. వర్చువల్ రియాలిటీ చుట్టూ ఉన్నదాన్ని కప్పేస్తుంది. మిక్స్‌డ్ రియాలిటీ ఉన్న గోడను ఉండనిచ్చి, దాని పక్కన లేనిదాన్ని నిలబెడుతుంది. యుద్ధ స్మృతి విషయంలో ఈ తేడా చిన్నది కాదు. సామూహిక స్మృతి అన్న భావనకు 1925లో పునాది వేసిన ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త మోరిస్ హాల్బ్‌వాక్స్ మాట ప్రకారం మనిషి ఒంటరిగా గుర్తుంచుకోడు. కుటుంబం, మతం, వర్గం ఇచ్చిన చట్రంలోనే గుర్తుంచుకుంటాడు. ఆయనే 1945లో నాజీల బూహెన్‌వాల్డ్ శిబిరంలో కన్నుమూశాడు. ఆయన లెక్కన చూస్తే, చీకటి గదిలో ఒక్కొక్కరికీ విడివిడిగా చూపే దృశ్యం సొంత అనుభూతిగా మిగులుతుంది తప్ప ఉమ్మడి జ్ఞాపకం కావడం కష్టం. పక్కవారి ముఖం కనబడుతూ, చూసినదాన్ని అక్కడికక్కడే వాదించుకునే వీలుండాలి.

అనుకూల వాదం బలమైనదే. 2015లో ఐక్యరాజ్యసమితి తోడ్పాటుతో గాబో అరోరా, క్రిస్ మిల్క్ తీసిన ‘క్లౌడ్స్ ఓవర్ సిద్రా’ జోర్డాన్‌లోని జాతారీ శిబిరంలో ఉంటున్న పన్నెండేళ్ల సిరియా బాలిక కథ చెప్పింది. వర్చువల్ రియాలిటీ మనుషుల్లో సహానుభూతిని పుట్టించే యంత్రమని మిల్క్ అదే ఏడాది ఒక ప్రసంగంలో ప్రకటించాడు. ఆ మాట ఊరూరా తిరిగింది. మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ బ్లూమ్ దానికి అడ్డు తగిలాడు. శరణార్థి బాధ శిబిరంలో కంటికి కనిపించే దృశ్యంలో లేదు, ఇల్లు పోవడంలోనూ బయటపడే దారి లేకపోవడంలోనూ ఉంది. ఇష్టమైనప్పుడు హెడ్‌సెట్ తీసేయగలిగినవాడికి అది ఎలా అందుతుందన్నది ఆయన ప్రశ్న. ఈ ప్రశ్నకు ఇప్పటికీ సరైన జవాబు రాలేదు. బాధితుడి ఒంట్లోకి దూరిపోయామన్న భ్రమను కల్పించకుండా వదిలేసిన కళాకారులే దీన్ని దాటగలిగారు. ఫొటో జర్నలిస్టు కరీం బెన్ ఖెలీఫా 2017లో ప్రదర్శించిన ‘ది ఎనిమీ’లో ప్రేక్షకుడు ఎవరిలోనూ దూరడు. ఇజ్రాయెల్-పాలస్తీనా, కాంగో, ఎల్ సాల్వడార్ పోరాటాల నుంచి ఎదురెదురు పక్షాల వారిని తీసుకొచ్చి, నిలువెత్తు రూపాలుగా ఎదురుగా నిలబెట్టి, ఇద్దరినీ అవే ప్రశ్నలు అడిగాడు. మధ్యలో నిలబడిన మనల్ని వాళ్లు కళ్లతో వెంటాడుతుంటారు. ఎవరి మాట ముందు వినాలో నిర్ణయించుకోవడం మన వంతు.

హిరోషిమా అనుభవం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఈ వాదనలన్నీ అక్కడ ఆచరణలోకి వచ్చాయి. 2025 మార్చి నాటికి జపాన్‌లో అణుబాంబు బాధితులుగా గుర్తింపు ఉన్నవారి సంఖ్య తొలిసారి లక్షకు దిగువకు, 99,130కి పడిపోయింది. వారి సగటు వయసు 86 దాటింది. 2024 నోబెల్ శాంతి బహుమతి వారి సంఘమైన నిహోన్ హిదాంక్యోకు వచ్చేనాటికి నోరు తెరిచి చెప్పగలిగినవారు ఎంతోమంది వెళ్లిపోయారు. హిరోషిమా జిల్లాలోని ఫుకుయామా సాంకేతిక ఉన్నత పాఠశాల విద్యార్థులు బాధితులను కలిసి మాట్లాడి, పాత ఛాయాచిత్రాలు పోల్చి చూసుకుని, బాంబు పడకముందు మొతొయాసు నది ఒడ్డున ఉన్న వీధులను వర్చువల్ రియాలిటీలో కట్టారు. 2018లో ఇది ప్రపంచం దృష్టికి వచ్చింది. తపాలా కార్యాలయంలోకి, షిమా ఆసుపత్రి ఆవరణలోకి నడిచి వెళ్లవచ్చు. ఆ తర్వాత బాంబు పేలుతుంది. మొత్తం అయిదు నిమిషాలు. నిర్మాణానికి రెండేళ్లకు పైగా పట్టింది. ఆ అయిదు నిమిషాల కన్నా ఆ రెండేళ్లకే నేను ఎక్కువ విలువ ఇస్తాను. దుకాణం తలుపు ఎటు తెరుచుకునేదని ఒక ముసలామెను అడిగి, ఆమె కాదన్నప్పుడు మళ్లీ గీసే క్రమంలోనే జ్ఞాపకం ఒక తరం నుంచి మరో తరానికి చేతులు మారుతుంది. హిరోషిమా నగరంలో మొతొమాచి ఉన్నత పాఠశాల పిల్లలు 2007 నుంచి బాధితుల పక్కన కూర్చుని వారి జ్ఞాపకాలను రంగుల్లో గీస్తున్నారు. అక్కడ హెడ్‌సెట్ లేదు, పద్ధతి మాత్రం ఒకటే.

అదే హిరోషిమాలో శాంతి స్మారక మ్యూజియం సరిగ్గా వ్యతిరేక దిశలో ఒక అడుగు వేసింది. కాలిన చర్మం వేలాడుతూ శిథిలాల్లో నడిచే మనుషుల బొమ్మలు అక్కడ దశాబ్దాలపాటు ఉండేవి. చూసిన ప్రతి పిల్లవాడికీ జీవితాంతం గుర్తుండిపోయేవి. 2017లో మ్యూజియం వాటిని తీసేసింది. బీభత్సాన్ని మెత్తబరుస్తున్నారని కొందరు మండిపడ్డారు. నిజంగా జరిగింది అంతకన్నా ఎంతో ఘోరం, బొమ్మ దాన్ని తక్కువ చేస్తోందని కొందరు బాధితులే అన్నారు. మృతులు వదిలి వెళ్లిన నిజమైన వస్తువులనే మాట్లాడనిద్దామని మ్యూజియం నిర్ణయించి, 2019లో ప్రధాన భవనాన్ని కొత్తగా తెరిచింది. ఇప్పుడక్కడ మూడేళ్ల పిల్లవాడి మూడు చక్రాల సైకిలు తుప్పుపట్టి ఉంది, అంతే. ప్లాస్టిక్ బొమ్మను వద్దన్న కారణాలు డిజిటల్ బొమ్మకూ వర్తిస్తాయి. ఎంత మెరుగ్గా గీసినా అది ఒకరి ఊహ. నిజమైన వస్తువు పక్కన ఊహ నిలబడితే జనం ఊహనే చూస్తారు.

హిరోషిమా ఇంకో పని కూడా చేసింది. 2012 నుంచి ‘వారసత్వ వక్తల’ను తయారు చేస్తోంది. కొత్త తరం మనుషులు ఒక బాధితుడి దగ్గర ఏళ్ల తరబడి శిక్షణ పొంది, ఆయన కథను ఆయన తరఫున సందర్శకులకు చెబుతారు. మౌఖిక సంప్రదాయం మీద నమ్మకం ఉన్న మనకు ఇది కొత్తగా అనిపించకూడదు. బుర్రకథ దళాలు వీరగాథలు మోసింది ఇలాగే. మనిషి చెప్పేటప్పుడు ఎదుటివాడు ఎదురు ప్రశ్న వేయగలడు. ఆ వెసులుబాటును యంత్రంలోకి తేవడానికే అమెరికాలోని షోవా ఫౌండేషన్ ‘డైమెన్షన్స్ ఇన్ టెస్టిమొనీ’ని రూపొందించింది. నాజీల మారణకాండ నుంచి బయటపడ్డవారిని రోజుల తరబడి వందల ప్రశ్నలు అడిగి రికార్డు చేశారు. సందర్శకుడు ప్రశ్న వేస్తే, ఆ మనిషి నిజంగా చెప్పిన జవాబుల్లోంచే సరిపోయినది వినిపిస్తుంది. యంత్రం తనంతట తాను ఒక్క వాక్యం కూడా అల్లదు. కృత్రిమ మేధ ఏ గొంతుతోనైనా ఏ మాటైనా పలికించగల ఈ రోజుల్లో ఆ నియమాన్ని గట్టిగా పట్టుకోవాలి. చనిపోయిన సాక్షి చేత ఆయన అనని మాట అనిపించడం దొంగ సాక్ష్యం.

మిక్స్‌డ్ రియాలిటీ కళ అన్న పేరుకు నా దృష్టిలో బాగా తగిన రచన మసాకి ఫుజిహతా చేసిన ‘బీహియర్ 1942’. పెర్ల్ హార్బర్ దాడి తర్వాత 1942 ఫిబ్రవరి 19న అమెరికా అధ్యక్షుడు జారీ చేసిన 9066వ ఉత్తర్వుతో సుమారు 1,20,000 మంది జపాన్ సంతతి వారిని నిర్బంధ శిబిరాలకు తరలించారు. వారిలో అత్యధికులు అమెరికా పౌరులే. లాస్ ఏంజెలెస్‌లోని జపనీస్ అమెరికన్ నేషనల్ మ్యూజియం ముందున్న చోటనే ఆనాడు వారిలో ఎందరో మూటాముల్లెతో బస్సులెక్కారు. 2022లో ఫుజిహతా సరిగ్గా అక్కడే, ఆనాటి ఛాయాచిత్రాల్లోని మనుషులను నేటి మనుషుల చేత అభినయింపజేసి, మూడు కొలతల్లో చిత్రించి నిలబెట్టాడు. ఫోను ఎత్తితే ఎండలో సూట్‌కేసుల మధ్య నిలబడ్డ కుటుంబాలు కనబడతాయి. వారి వెనకే నేటి వీధి, నేటి కార్లు. ఆయన తెలివి అంతటితో ఆగలేదు. ఆ ఫొటోలు తీయించింది ప్రభుత్వమే. డొరొతియా లాంగ్ తీసిన వాటిలో అధికారులకు నచ్చనివి యుద్ధం ముగిసేదాకా బయటికి రాలేదు. అంటే మనకు దక్కిన జ్ఞాపకమే బంధించినవాడి కెమెరా గుండా వచ్చింది. ఫుజిహతా ప్రదర్శన ఫొటోను ఎంత శ్రద్ధగా చూపిందో ఫొటో తీసినవారిని కూడా అంతే శ్రద్ధగా చూపింది. చూస్తున్నవాడు తానెవరి కళ్లతో చూస్తున్నాడో ఆలోచించక తప్పదు. 1988లో అమెరికా ప్రభుత్వం క్షమాపణ చెప్పి, బతికున్న ఒక్కొక్కరికీ 20,000 డాలర్లు ఇచ్చింది. దేశం తన తప్పు ఒప్పుకున్నాకే ఇలాంటి కళకు బహిరంగ స్థలం దొరికిందన్నది కూడా గమనించాలి. ఒప్పుకోలు జరగని చోట ఇదే సాంకేతికత ప్రభుత్వ కథనానికి మైకు అవుతుంది.

ఈ పరికరాలకు యుద్ధంతో ఉన్న బంధుత్వాన్ని కూడా మరిచిపోకూడదు. మిక్స్‌డ్ రియాలిటీకి మారుపేరుగా నిలిచిన మైక్రోసాఫ్ట్ హోలోలెన్స్ ఆధారంగా సైనికుల కళ్లద్దాలు తయారు చేయడానికి అమెరికా సైన్యం 2021లో 2,188 కోట్ల డాలర్ల వరకు విలువైన ఒప్పందం కుదుర్చుకుంది. జర్మన్ చలనచిత్రకారుడు, భారతీయ తండ్రికి పుట్టిన హరున్ ఫరోకీ ఈ బంధుత్వాన్ని 2009-10లోనే ‘సీరియస్ గేమ్స్’ పేరుతో నాలుగు భాగాల వీడియో రచనగా చూపాడు. యుద్ధానికి వెళ్లబోయే సైనికుడికి శిక్షణ ఇచ్చే కంప్యూటరు దృశ్యాలు, యుద్ధం నుంచి మనసు చెదిరి తిరిగొచ్చినవాడికి చికిత్స చేసే దృశ్యాలు ఒకే కుదురు నుంచి వచ్చాయి. తేడా ఒక్కటే. శిక్షణ దృశ్యాల్లో వస్తువులకు నీడలు పడతాయి, చికిత్స దృశ్యాల్లో పడవు, నీడలు లేనిది చవక గనుక. చంపడానికి పంపేటప్పుడు పెట్టిన ఖర్చు మాన్పడానికి పెట్టలేదని ఇంతకంటే పొదుపుగా చెప్పిన కళాఖండం నాకు కనబడలేదు.

మన ఉపఖండానికి వస్తే, ‘ప్రాజెక్ట్ దాస్తాన్’ చెప్పుకోదగ్గ ప్రయత్నం. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుంటున్న భారతీయ, పాకిస్థానీ, బ్రిటిష్ యువత 2018లో మొదలుపెట్టింది. విభజనలో ఊరు విడిచిన వృద్ధుల జ్ఞాపకాలు సేకరించి, సరిహద్దు అవతల వారి ఇల్లు, బడి, మసీదు లేదా గుడి వెతికి పట్టుకుని, చుట్టూ కనబడేలా చిత్రీకరించి తెచ్చి వారికే చూపారు. వీసా దొరకని కాళ్లకు హెడ్‌సెట్ దారి చూపింది. ఇక్కడ ప్రేక్షకుడు పర్యాటకుడు కాదు, సాక్షే. ఆ వృద్ధురాలు చూస్తూ ‘ఈ వేపచెట్టు అప్పుడు లేదు’ అంటే ఆ దిద్దుబాటు కూడా చరిత్రలో చేరుతుంది. దీనికి పూర్తి భిన్నమైన దారి 2021లో జలియన్‌వాలా బాగ్‌లో కనబడింది. జనరల్ డయ్యర్ సైన్యం లోపలికి వచ్చిన ఇరుకు సందు గోడలకు నవ్వుతూ నడిచే మనుషుల శిల్పాలు అమర్చి, లేజర్ కాంతుల ప్రదర్శన పెట్టారు. ఆ సందు ఇరుకే అక్కడి సాక్ష్యం; దాన్ని అలంకరించాక చెప్పడానికి ఏం మిగిలిందని చరిత్రకారులు అడిగారు. మన దేశంలో స్మారకాల పునరుద్ధరణ అంటే ప్రొజెక్టర్లు, స్పీకర్ల టెండరుగా మారిపోయింది. దానికి హెడ్‌సెట్లు తోడైతే అదే పని ఖరీదెక్కుతుంది, అంతే.

మరి మన రెండు రాష్ట్రాల సంగతి? విశాఖ ఆర్‌కే బీచ్‌లో కుర్సురా జలాంతర్గామి 2002 నుంచి మ్యూజియంగా ఉంది. దానికి ఎదురుగా ఉన్న సముద్రంలో, 1971 డిసెంబరు తొలి రోజుల్లో పాకిస్థాన్ జలాంతర్గామి ఘాజీ తొంభై మందికి పైగా సిబ్బందితో మునిగింది. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వదిలిన బాంబులే దాన్ని ముంచాయన్నది మన నౌకాదళం మాట. ప్రమాదవశాత్తు పేలిందన్నది పాకిస్థాన్ మాట. 2017లో వచ్చిన తెలుగు సినిమా మూడో కథ చెప్పింది. మన యువతలో చాలామందికి తెలిసిన ఘాజీ ఆ సినిమాలోదే. శిథిలాన్ని మన నౌకాదళం గుర్తించినా, చనిపోయిన నావికుల మీద గౌరవంతో తాకకుండా వదిలేసినట్టు 2024లో వార్తలు వచ్చాయి. ఇసుకలో నిలబడి సముద్రం వైపు ఫోను ఎత్తినవాడికి రెండు దేశాల కథనాలూ, వాటికున్న ఆధారాలూ, వాటి మధ్య ఉన్న ఖాళీలూ పక్కపక్కనే కనబడితే అది గొప్ప రచన అవుతుంది. టార్పెడో పేలే దృశ్యం మాత్రమే చూపితే సినిమాకు తోక అవుతుంది.

సెప్టెంబరు 17 ఇంతకన్నా సున్నితమైనది. కేంద్రం విమోచన దినం అంటోంది. 2022లో అప్పటి తెలంగాణ ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినం అంది. 2024లో కొత్త ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవం చేసింది. కమ్యూనిస్టులు సాయుధ పోరాట వారోత్సవాలు జరుపుతారు. 1948 ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో రజాకార్లు, నిజాం బలగాలు కలిసి గ్రామస్థులను పెద్ద సంఖ్యలో ఊచకోత కోశాయి. ప్రతిఘటనకు ఆసరా ఇచ్చిన బురుజు ఇంకా ఉంది. సంస్థానం మీద భారత సైనిక చర్య తర్వాత ఏం జరిగిందో చూసి రమ్మని నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ, ఆ రోజుల్లో 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. మృతుల్లో అత్యధికులు ముస్లింలు. ఆ నివేదిక దశాబ్దాలపాటు బయటికి రాలేదు. ఈ రెండు దుఃఖాల్లో ఒకటి చెప్పి ఒకటి మింగేసే హెడ్‌సెట్ ప్రదర్శన ఎవరు తయారు చేసినా అది ఎన్నికల సామగ్రే. పోస్టరుకు, ఉపన్యాసానికి జనం ఎదురు మాట చెప్పగలరు. కళ్లెదుట జరిగినట్టు కనిపించినదాన్ని కాదనడం కష్టం. ఇతర మాధ్యమాలకు లేని ప్రమాదం దీనికి ఉన్నది ఇక్కడే.

స్మారకమే లేని యుద్ధ స్మృతి కూడా మనకు ఒకటి ఉంది. 1941 డిసెంబరులో జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాక లక్షల మంది భారతీయులు కాలినడకన కొండలు దాటి దేశానికి వచ్చారు. రేవుల్లో, బియ్యం మిల్లుల్లో పనిచేసిన తెలుగు కూలీలు వారిలో పెద్ద సంఖ్యలో ఉన్నారు. వేల మంది దారిలోనే కలరా, మలేరియా, ఆకలితో పోయారు. మలయా తోటల నుంచి తెలుగు, తమిళ కూలీలను జపాన్ సైన్యం సయాం-బర్మా రైలు మార్గానికి తరలించింది. అక్కడ చనిపోయిన ఆసియా కూలీలు 90 వేల వరకు ఉంటారని అంచనా. యుద్ధ ఖైదీలు 12 వేలకు పైగా. కాంచనబురిలో ఖైదీలకు వరుసలు తీర్చిన సమాధులున్నాయి, కూలీలకు పేర్లు కూడా మిగల్లేదు. స్థలం లేని, రాయి లేని ఇలాంటి స్మృతికే మిక్స్‌డ్ రియాలిటీ అసలు అవసరం. విశాఖ బర్మా క్యాంపు వీధుల్లో నడిచేవారి ఫోనులో బర్మా నుంచి వచ్చిన కుటుంబాల గొంతులు ఒక్కో ఇంటి ముందు ఒక్కొక్కటిగా వినిపిస్తే చాలు. బొమ్మలే అక్కర్లేదు.

విధానపరంగా చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. ప్రజాధనంతో తయారయ్యే ఏ ప్రదర్శనలోనైనా ఏది దస్తావేజు, ఏది సాక్ష్యం, ఏది కళాకారుడి ఊహ అన్నది చూస్తుండగానే తెలియాలి. ఆధారాలు ఎవరైనా తెరిచి చూసే చోట ఉండాలి. చరిత్రకారులు, బాధిత కుటుంబాలు సరే అన్నాకే ప్రదర్శనకు అనుమతి ఇవ్వాలి. పిల్లలకు వయోపరిమితి ఉండాలి. ఏ చోట తెర పెట్టకూడదో కూడా రాసుకోవాలి. 2016లో పోకెమాన్ గో ఆటగాళ్లు మ్యూజియంలోకి చొరబడితే ఆష్‌విట్జ్ అధికారులు ఆ ఆటను అక్కడి నుంచి తీసేయమని కోరాల్సి వచ్చింది. అన్నిటికన్నా ముఖ్యం, జ్ఞాపకాన్ని ఒక కంపెనీ పరికరానికి కట్టేయకూడదు. హోలోలెన్స్ తయారీ 2024లో ఆగిపోయింది. ఫోన్లలో ఆగ్మెంటెడ్ రియాలిటీ రచనలకు వేదికైన మెటా స్పార్క్ 2025 జనవరిలో మూతపడింది. దాని మీద కట్టిన రచనలు దానితో పాటే పోయాయి. మూల రికార్డింగులు, ఫొటోలు, వాటి లిఖిత ప్రతులు ఏ యంత్రంలోనైనా తెరుచుకునే రూపంలో రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉంటే, పరికరం మారినప్పుడల్లా కొత్త కళాకారుడు కొత్తగా కట్టుకుంటాడు.

1948లో పదిహేనేళ్ల వయసున్నవారికి ఇప్పుడు తొంభై దాటింది. బర్మా నుంచి తల్లి చంకలో వచ్చినవారికి ఎనభై దాటాయి. వారి ఇంటికి వెళ్లి మైకు పెట్టి కూర్చోవడానికి హెడ్‌సెట్ అక్కర్లేదు, కన్సల్టెంటూ అక్కర్లేదు. విశ్వవిద్యాలయ చరిత్ర శాఖల విద్యార్థులు చాలు. రెండు రాష్ట్రాల ఆర్కైవ్స్ శాఖలూ ప్రదర్శనల టెండర్ల కన్నా ముందు ఈ పనికి నిధులిచ్చి, ఈ విద్యా సంవత్సరంలోనే మొదలుపెట్టాలి.